హాష్ పెట్టిన లైను

మొదటి దెబ్బ వీపు మీద పడేసరికి కంప్యూటర్ మెకానిక్ నుదురు వెళ్లి కీబోర్డుకు కొట్టుకుంది.

"పొద్దున్ననగా వచ్చావు, మధ్యాహ్నమైంది. ఇంకా లేవదేంరా నీ సిస్టమ్?" గోడౌన్ మేనేజరు ఇనపరాడ్‌ను చెయ్యి మార్చుకున్నాడు.

"మధ్యలో ఆగిపోతోందండీ. లేచేటప్పుడు కీబోర్డు, తెర, కెమెరా అన్నిటినీ ఈ ఫైలు చూసే పిలుస్తుంది. ఒక్కోదానికి ఒక్కో లైను. వాచ్‌మన్ చనిపోయిన రోజు ఎవరో కరెంటు పీకేస్తే కెమెరా లైను చెడింది. పొద్దుట్నుంచీ దాన్నే దిద్దుతున్నా."

"దిద్దొద్దు. అది చూసిందీ విన్నదీ అక్కడికక్కడే ఓనరు ఫోన్లో పడేస్తుంది. ఊడబీకితే ఆయన అడుగుతాడు. చెడిపోయిందంటే సరిపోతుంది."

"అయితే లైను ముందు హాష్ గుర్తు పెడితే చాలండీ. సిస్టమ్ ఆ లైను చదవదు."

"పెట్టు."

పెట్టాడు. మెట్ల మీంచి జారిపడి పోయాడన్న ఆ వాచ్‌మన్ అతనికి సొంత అన్న. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు. అసలేం జరిగిందో తేల్చుకోకుండా వదినకు మొహం చూపించలేక, ఈ పని వెతుక్కుని మరీ వచ్చాడు.

సిస్టమ్ ఆపి మళ్లీ వేశాడు. నాలుగక్షరాలు కనబడి తెర నల్లబడింది.

"ఇదేనా నీ వైద్యం?"

రాడ్ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది. కుర్చీతో సహా కూలిపోయినవాడి డొక్కలో బూటుకాలితో తన్నాడు మేనేజరు.

"సాయంత్రంలోగా లేవకపోతే నిన్నూ వాచ్‌మన్ దగ్గరికే పంపిస్తా."

"అతను... జారిపడ్డాడన్నారు కదండీ."

మేనేజరు నవ్వాడు. "వాడంతట వాడు జారితే నాకింత శ్రమెందుకు? నేను దారి మళ్లించిన లారీ నంబరు రాసుకున్నాడు. ఇదే రాడ్‌తో రెండు వేశా. మెట్లదాకా ఈడ్చి తోశా. కింద ఇంకా మూలుగుతుంటే దిగివెళ్లి మూడోది వేశా."

"ఎక్కడండీ?"

"ఇదిగో, ఇక్కడ." రాడ్ కొనతో మెకానిక్ కణత మీద పొడిచి చూపించాడు.

మెకానిక్ ఏడ్చేశాడు. మెట్ల కింద పడ్డాక కూడా అన్న బతికే ఉన్నాడు.

ఇంతలో మేనేజరు ఫోన్ మోగింది. ఓనరు. రాడ్ పక్కనపెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"చెప్పండి సార్. రిపేరు జరుగుతోంది సార్."

అవతలి మాట వింటూ మేనేజరు మెల్లగా తలెత్తి, పైకప్పు మూలనున్న కెమెరా వైపు చూశాడు.

కెమెరా లైను అప్పటికే దిద్దేసిన మెకానిక్ హాష్ పెట్టింది తెర లైనుకు.