టీకా మేత

“రొయ్యకి టీకా ఏంటి చెల్లెమ్మా? సూది తలకి గుచ్చుతావా, తోకకా?”

ప్రయూన్ మాటకి గట్టుమీది కూలీలు నవ్వారు. వానలో తడుస్తూ వచ్చిన ఒరతాయ్ కూడా నవ్వింది.

“సూది లేదన్నా. మేతలో కలిపి తెచ్చాను. మడ అడవి పక్కనున్న ఆ చెరువు ఒక్కదానికి వేయండి, చాలు.”

ఏ మందుల కంపెనీ మనిషో అనుకున్నాడు ప్రయూన్. థాయ్‌లాండ్‌లోని ఆ చంతబురి తీరంలో రొయ్యలకంటే మందులమ్మేవాళ్ళే ఎక్కువ.

“దేంతో చేశారు?”

“తెల్లమచ్చ రోగం క్రిమిలోంచే. ఒక ముక్క తీసి, కీడు చెయ్యకుండా చేసి కలిపాం. ముందే దాంతో కాస్త పరిచయమైతే, రేపు అసలు రోగం వచ్చినా రొయ్య తట్టుకుంటుంది.”

ఆ రోగం ఒక్కసారి దిగితే చెరువులో ఒక్క రొయ్య మిగలదని ప్రయూన్‌కి తెలుసు.

కానీ మొహంమీద కాదనలేకపోయాడు. వానలో అంతదూరం వచ్చింది. పైగా అతని భార్య చలావ్ పెట్టిన అన్నం, చేపల పులుసు ఇంటి ఆడపడుచులా నేలమీద కూర్చుని తింది.

“సరేలే, వేస్తాం” అన్నాడు.

ఆమె అటు వెళ్ళగానే చలావ్ ఆ మేత సంచుల వంక చూసింది.

“నిజంగా వేస్తావా?”

“రోగాన్ని చేజేతులా చెరువులో పోసుకోమంటావా? బాతులకి వెయ్యి.”

ఒరతాయ్ వారం వారం వచ్చేది. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకెత్తి, ఒక రొయ్యని అరచేతిలో పెట్టుకుని వెలుగుకి పట్టి చూసేది.

“మేత బాగా తింటున్నాయా అన్నా?”

“ఒక్క గింజ మిగల్చడం లేదు” అనేవాడు ప్రయూన్.

అందులో అబద్ధం లేదు. బాతులు నిజంగానే మిగల్చడం లేదు.

అది విని ఆమె మొహం విప్పారేది.

“ఈ చెరువు నిలబడితే వచ్చే పంటకి ఊరందరికీ ఇస్తామన్నారు మావాళ్ళు” అంది ఒకసారి.

వానలు ముదిరాయి. కాలవ ఎగువన రోగం దిగిందన్నారు.

ఒక పొద్దున ప్రయూన్ లేచి చూసేసరికి మడ పక్క చెరువు గట్టంతా కొంగలు. రొయ్యలు ఎర్రబారి అంచులకి కొట్టుకొస్తున్నాయి. తలపెంకుల మీద సున్నం చల్లినట్టు మచ్చలు.

కబురు తెలిసి ఒరతాయ్ వచ్చింది. నీళ్ళలోకి దిగి, చచ్చినవాటిని చేతులతోనే బుట్టలకెత్తింది. ఏడవలేదు.

“ఒక్క పూటైనా నా మేత మానేశారా అన్నా? నిజం చెప్పండి. ఏమీ అనుకోను.”

చలావ్ తల దించుకుంది.

“మానలేదు” అన్నాడు ప్రయూన్.

“అయితే తప్పు నాదే.” ఆమె తడిచేతులు రెండూ జోడించింది. “నమ్మి వేశారు. మీ నోటికాడి కూడు తీశాను.”

మరి ఆమె రాలేదు.

ఆ దణ్ణం ప్రయూన్‌కి ముద్ద దిగనివ్వలేదు. చివరికి చలావే అంది.

“వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పిరా. లేకపోతే మనం మనుషులం కాదు.”

పట్నంలో ఆమె పేరు చెప్పి అడిగితే మందుల దుకాణానికి కాదు, రొయ్యల రోగాల మీద పరిశోధన చేసే లేబొరేటరీకి దారి చూపించారు.

అక్కడి పెద్దాయన బాతుల సంగతంతా విన్నాడు.

“ఆమె ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. ఎక్కడికో చెప్పలేదు” అన్నాడు. “ఆ టీకా ఆమె ప్రాణం పెట్టి చేసింది. ‘నమ్మినవాళ్ళ చెరువులో ఇది ఇంకోసారి పొయ్యను’ అని మిగిలిందంతా తన చేత్తోనే కాల్చేసింది.”

ప్రయూన్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“జిల్లాలో ఇన్ని చెరువులుండగా నా దగ్గరికే ఎందుకొచ్చిందండీ?”

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు.

“మీరు బ్యాంకు వేలంలో కొన్నారు కదా, తెలిసుండదు. ఆ చెరువు తవ్వింది వాళ్ళ నాన్న; రొయ్యలన్నీ తెల్లమచ్చలతో తేలిన పొద్దున ఆయనా అందులోనే తేలాడు.”