ముసురులో పొయ్యి

“ముసురు పట్టి నాలుగు దినాలాయె. నువ్వు పెట్టించిన సోలార్ పొయ్యి ఏడెక్కుతనే లేదు దివాకరూ!” రుద్రంగిలో మరిది ఇంటి గడప తొక్కుతూనే అంది మొగిలవ్వ.

“మబ్బు ఇడవనీ వదినే. గాలిమర పెడుదమంటే మన దిక్కు గాలి లేకపాయె. గోబర్ గ్యాస్ అంటే పొద్దుగాల్నుంచి పెండ ఎత్తుడే. అన్నిట్ల ఎండే నయం.”

ఎండాకాలంలోనూ ఇవే మాటలు చెప్పాడు. అవి నమ్మే ఆమె తన గోబర్ గ్యాస్ గుంత పూడ్పించింది. మల్లాపూర్ అంగట్లో అమ్మిపెట్టమని బర్రె పలుపు అతని చేతికే ఇచ్చింది.

ఇంతలో తోడికోడలు శ్వేత పొగలు కక్కుతున్న చాయ తెచ్చింది.

“మీ ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతున్నదే శ్వేతా?”

శ్వేత మొగుడి వైపు చూసింది. అంతలోనే పెరట్లో బర్రె అరిచింది. ఒకప్పుడు రోజూ మొగిలవ్వ గొంతు వినగానే అరిచిన అరుపే అది!

ఆమె చాయ ముట్టకుండా పెరట్లోకి నడిచింది. కొత్త గోబర్ గ్యాస్ గుంత పక్కన కట్టేసిన బర్రె, మెడ చాచి ఆమె చేయి నాకింది.

“నాకు ఎండ చూపిచ్చి, పెండ నువ్వు పెట్టుకున్నవారా?”

బర్రె మళ్లీ అరిచింది.