ఉత్తర తీర ప్రతినిధి

"ఆ తీరం నుంచి ఒక మనిషి కావాలన్నారు. తెలివైన మనిషి కావాలనలేదుగా!" అని నవ్వాడు వేణుగోపాలరావు.

అబుదాబిలో ఒక మత్స్య పరిశోధన కేంద్రానికి ఆయన అధిపతి. నిధులు ఎక్కడ ఖర్చుపెట్టాలో తేల్చే కమిటీలో ఉత్తర తీరానికి చోటివ్వకపోతే ఈ ఏడాది నిధులు లేవని ప్రభుత్వం తెగేసి చెప్పింది.

"రాస్ అల్ ఖైమాలో పనిచేసేది నేనే కదా సార్. నేను కూర్చుంటాను" అంది కాత్యాయని. ఉత్తర తీరంలో ఉన్న ఆ ఊరి శాఖలో ఆమె శాస్త్రవేత్త.

"నువ్వు ప్రశ్నలేస్తావమ్మా. నోరు లేనివాణ్ణి చూసి పెట్టాను."

ఆ నోరు లేనివాడు పర్శరాములు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, పద్నాలుగేళ్లుగా రాస్ అల్ ఖైమాలో ఒక అరబ్బు పడవ మీద వలలు లాగుతున్నాడు.

"లోపల మాట్లాడొద్దు. టీ ఇస్తారు, తాగు. నేను చూపించిన చోట సంతకం పెట్టు. సంతకం వచ్చా, లేక వేలిముద్రా?" అడిగాడు రావు.

"వస్తది సారూ."

"బతికించావు."

సమావేశంలో రావు తన నివేదికను ఇంగ్లీషులో గడగడా చదివేశాడు. ఉత్తర తీరంలో చేపలకు కొదవే లేదు. ఫిబ్రవరి మూడు నుంచి తొమ్మిది దాకా రోజూ పడవల్లో వెళ్లి లెక్కపెట్టాం. అక్కడ ఇక పరిశోధన అక్కర్లేదు కాబట్టి నిధులన్నీ అబుదాబికే ఇవ్వాలి.

ప్రభుత్వం తరఫున వచ్చిన అధికారిణి కాగితాలు పర్శరాములు ముందుకు జరిపి, అందులో ఉన్నదంతా అరబ్బీలో చెప్పసాగింది.

"వాడికెందుకు మేడమ్ ఇదంతా? పెట్టేస్తాడు" అన్నాడు రావు.

ఆమె ఆగలేదు. చివరిదాకా విని పర్శరాములు కలం కింద పెట్టాడు.

"లా" అన్నాడు. పెట్టనని.

ఎందుకని అడిగిందామె. అతను అరబ్బీలోనే నెమ్మదిగా నాలుగు మాటలు చెప్పాడు. ఆమె నివేదిక మూసి, రావు వైపు చూసింది.

"ఏం కూశావురా?" పళ్లు నూరాడు రావు.

పర్శరాములు ఆయనకేసి తిరిగాడు.

"ఫిబ్రవరి రెండో తారీకు గాలికి పడవ బోర్లవడి, నాతోని వలలు గుంజే నయీమ్ సచ్చిపోయిండు. తెల్లారి సంది వారం దినాలు సర్కారు మా తీరంల ఒక్క పడవను సుత కదలనియ్యలే. మీరు ఈదుకుంటవోయి లెక్కవెట్టిండ్రా సారూ?"