పైన ఎవరి లోగో

కంపెనీలే ఊళ్లను ఏలుతున్న కాలమది. ఏ పేట ఒప్పంద పత్రం మీద ఎవరి లోగో పైన అచ్చయితే ఆ పేట మంచినీళ్లు వాళ్లవే, ఇక తిరుగులేదు. గాజువాకలో తన పేట పత్రం టైపు చేయడానికి మంగతాయారు కూర్చోగానే రెండు కంపెనీల మనుషులూ చెరోపక్క నిలబడ్డారు.

"మా లోగో పైకెట్టు," అంటూ ఒకడు ఆమె మెడకు కత్తి ఆనించాడు. రెండోవాడు వాడి తలను బల్లకేసి బాదాడు. కీబోర్డంతా నెత్తురు చిందింది. ఇద్దరూ కలబడి, ఒకరినొకరు పొడుచుకుని కూలారు.

మంగతాయారు రెండు లోగోలూ చెరిపేసి, ఆ చోట తన పేట పేరు పెద్ద అక్షరాల్లో కొట్టింది.

"ఏటి సేస్తన్నావే?" కింద పడ్డవాడొకడు ఆమె కాలు పట్టి లాగాడు.

ఆమె వాడి చేతిని మడమతో తొక్కిపట్టింది. "ఆ నీళ్లు తాగీది మేం కదేటి," అని ప్రింటు నొక్కింది.