రెండో రాయి

"చెప్పులు విప్పండి బాబూ," అంది తలుపులమ్మ, ఒక చేత్తో రాతికి గొడుగు పట్టి, రెండో చేత్తో పసుపు రాస్తూ.

ఉదయభాస్కర్ విప్పలేదు. భీమవరం కాలేజీలో చరిత్ర చెప్పే ఆయన, దసరా సెలవుల్లో కోరంగి పాత రేవు చూడాలని ఒక్క పూటకి వచ్చాడు. పొద్దుటి నుంచీ వాన వదల్లేదు.

"ఇది అమ్మవారు కాదమ్మా. రెండొందల ఏళ్ల కిందట ఓడల్ని కట్టేసిన రాయి. చరిత్ర తెలియక మొక్కుతున్నారు."

"తెలుసండి. మా ఆయన పడవ కూడా దీనికే కడతాడు."

"మరి ఈ పసుపేంటి?"

"ఇలాంటివి తొమ్మిదుండేవండి. గట్టు పనికని కంట్రాక్టరు ఏడు పగలగొట్టించేశాడు. దీనికి బొట్టు పెట్టాం. అతనే కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్లాడండి."

ఉదయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "నేను పైవాళ్లకి రాస్తాను. ముట్టుకోకూడదని బోర్డు పెట్టిస్తాను."

"బోర్డు ముందే పెట్టారండి. ఆ ఏడు రాళ్లూ పోయాక అక్కడ అదొక్కటే మిగిలింది. మా కోళ్లగూటికి తలుపు చేసుకున్నాం."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టాడు.

"తొమ్మిదోది ఎక్కడుంది?"

"ఆ తుమ్మపొదలో అండి. రేపు దాని కోసం లారీ వస్తుందంట. ఒకే రేవులో ఇద్దరమ్మవార్లంటే కంట్రాక్టరు నమ్మడేమోనని ఆలోచిస్తున్నాం."

ఉదయభాస్కర్ చెప్పులు విప్పి, పసుపు పొట్లం కోసం చెయ్యి చాచాడు.

"ఇది అక్క, అది చెల్లెలు అని చెప్పమ్మా. అడిగితే, కాలేజీలో చరిత్ర చెప్పే మేష్టారే చూసి చెప్పారను."