ఆయనకో భాగం, నాకో భాగం

హాలు గేటు దగ్గర బల్ల మీద టికెట్లు రెండు దొంతరలుగా ఉన్నాయి. ఒకటి గులాబీ రంగు, ఒకటి నీలం.

మా ఆయన బాలరాజ్ పొద్దుటి పాలు పోయడం అయ్యాక, ఖాళీ క్యాన్లు బండికి అలాగే వేలాడుతుండగా, నన్నూ ఎక్కించుకుని లాడ్ బజార్ దాటించి అక్కడికి తీసుకొచ్చాడు. ఎందుకో చెప్పలేదు. చెప్పే అలవాటే ఉంటే మా సంసారం ఇంతదాకా వచ్చేది కాదు.

బల్ల వెనక ఉన్నది వెస్లీ. దబీర్‌పురాలో మా దగ్గరే పాలు పోయించుకుంటాడు, నాటకాల పిచ్చి.

"మొదటి భాగం శనివారం, రెండోది ఐతారం అన్నా. రెండు చూస్తెనే నాటకం" అన్నాడు.

"అయితే గులాబీది ఒకటి, నీలంది ఒకటి ఇయ్యి."

"ఇద్దరున్నరు గదా. నాలుగు కావాలె."

"రెండు చాలు. శనివారం నేను చూస్త, ఐతారం ఆమె చూస్తది."

వెస్లీ నావైపు చూశాడు. నేను క్యాన్లవైపు చూశాను.

"గట్లెట్ల అన్నా? ఆమెకు ముందు కథ తెల్వది, నీకు వెనక కథ తెల్వది."

"పొద్దటి పాలు నేను పిండుత, మాపటియి ఆమె పిండుతది. బర్రె ఒక్కటే గదా భాయ్?"

వెస్లీ పెన్ను తీశాడు.

ఆయన లెక్క ఆయనది. నాటకం ఆడేది సరిగ్గా సాయంత్రం పాలు పిండే వేళకే. కొత్త చెయ్యి పడితే మా బర్రెలు చుక్క కూడా ఇవ్వవు. ఇద్దరిలో ఒకరు కొట్టంలో ఉండాల్సిందే.

వెస్లీ రెండు టికెట్ల మీదా ఒకే కుర్చీ నంబరు వేసి ఇచ్చాడు.

నాకైతే ఏమీ అర్థం కాలేదు. సోమవారం నేను వెళ్లిపోతున్నాను. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో మా అక్కకు దుకాణం ఉంది, దాని పైన గది ఉంది. పిల్లలు లేరు, అడ్డుపడేవాళ్లూ లేరు. నెల కిందటే ఆయనకు చెప్పేశాను.

"ఊఁ" అన్నాడు.

ఉండమనలేదు. పొమ్మనలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆ ఇంట్లో నేను మాట్లాడింది బర్రెలతోనే ఎక్కువ.

వెళ్లిపోయేదానికి నాటకం టికెట్టెందుకో?

శనివారం పొద్దుగూకాక వచ్చాడు. నేను బకెట్లు కడుగుతున్నాను. లోపలికి పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"కథ చెప్పు మరి. లేకుంటె రేపు నాకేం సమజైతది?" అన్నాను.

"ఒకాయన ఉంటడు. ఆయనకు భార్య ఉంటది. మంచిది."

"ఊఁ."

"తల్లికి పాణం బాగలేదని తల్లిగారింటికి పోతది."

"అంతేనా?"

"వస్తనని చెప్పే పోతది." మళ్లీ తనే అన్నాడు, "చీరలు గిట్ల అన్ని ఇంట్లనే ఉంటయి."

ఆయన నోట అన్ని మాటలు ఒక్కసారే విని, నాటకం బాగానే ఉన్నట్టుందనుకున్నాను.

ఆదివారం నా వంతు.

తెర లేచేసరికి ఒకామె కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఊరు వేరు, ఇల్లు వేరు. తల్లి ఎక్కడా కనపడలేదు. ఎవరైనా మొగుడి పేరెత్తితే మిషన్ ఇంకా గట్టిగా తొక్కుతోంది.

ఈమె ఇంకెవరో అనుకున్నాను. నాటకమే మారిందేమోనని టికెట్టు తీసి చూసుకున్నాను. నీలందే.

పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడను మెల్లగా అడిగాను.

"అమ్మా, తల్లికి బాగలేదని గదా ఈమె పోయింది?"

"తల్లేంది బిడ్డా? మొగుణ్ణి ఇడిసిపెట్టి పోయింది. నిన్న రాలేదా నువ్వు?"

లేదని తలూపాను.

"పెట్టె సర్దుకుంటుంటె మొగుడు కూసొని చూస్తుండె, ఒక్క మాటంటె ఒక్క మాట అనకుండ. నిన్న నీ కుర్చీల ఎవలో ఒకాయన ఉండె. లేచి నిలబడి, 'ఎందుకు పోతున్నవని అడుగు భాయ్' అని ఒర్లిండు. హాలంత ఒకటే నవ్వు."

నా కుర్చీలో.

సినిమాకు తీసుకెళ్తే నిద్రపోయే మనిషి. పాల డబ్బులు అడగడానికి కూడా గొంతు పెగలని మనిషి.

కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తెలియలేదు. రెండూ వచ్చాయి.

ఆ తర్వాత నాటకం నా తలకెక్కలేదు. ఎవరో వచ్చారు, ఎవరో పోయారు, చివర అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆమె మాత్రం మొగుడి దగ్గరికి వెనక్కి పోలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన పైపు పట్టుకుని కొట్టం కడుగుతున్నాడు.

"వచ్చిందా ఆమె?" అన్నాడు, నావైపు చూడకుండానే.

"రాలే."

పైపు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. నీళ్లు ఆయన కాళ్ల మీదే పడుతున్నాయి.

"నువ్వు చెప్పిన కథ వేరే ఉండె" అన్నాను.

"ఉండె."

వెళ్లి నల్లా కట్టేశాడు. ఇటు తిరిగాడు.

"నువ్వెందుకు పోతున్నవ్, స్వరూపా?"

అడుగుతాడేమోనని నెల నుంచి ఎన్ని జవాబులు అనుకున్నానో. బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, మొదటి భాగం నుంచి చెప్పడం మొదలుపెట్టాను.