కుడిచేతి దెబ్బ

"జోకరు దొంగిలించావురా, ముసలి నక్కా!"

లారీ డ్రైవరు ఎడమచేత్తో బల్లను విసురుగా తోశాడు. పేకముక్కలు హాలంతా చెల్లాచెదురయ్యాయి.

పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకు ఆ వ్యాయామశాలలో రోజూ గంటసేపు పేకాట. షరతు ఒక్కటే, చచ్చుబడిన చేత్తోనే ముక్క వెయ్యాలి. ఊరికే చెయ్యి ఎత్తమంటే ఎత్తని మొండిఘటాలు కూడా గెలుపు కోసం ఎత్తుతారని ఫిజియో అమ్మాయి నమ్మకం.

డ్రైవరు కుడిచెయ్యి మాత్రం ఆరునెలలుగా ఉలకదు, పలకదు. ఈ నెల దాటితే ఆశ వదులుకోమని పెద్ద డాక్టరు తేల్చేశాడు. స్టీరింగు తిప్పిన చెయ్యి ఒళ్లో మూటలా పడి ఉంటే అతనికి ఏడుపొచ్చేది.

ఎదుటి కుర్చీలో ఉన్నది వారం కిందట చేరిన బక్క ముసలాయన. కాలు ఈడుస్తాడు గానీ నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"బండి స్టార్టవలేదా తమ్ముడూ? తొయ్యమంటావా?"

డ్రైవరు ఎడమచేత్తో అతని కాలరు పట్టి గుంజాడు. గుండీలు ఊడిపోయాయి.

"చంపేస్తా!"

"ఎడమచేత్తోనా? కుడిది ఎలాగూ శవమేగా. నీ నోట్లో మీ ఆవిడే ముద్దలు పెడుతోందట, జోల కూడా పాడుతోందా?"

డ్రైవరు కళ్లు బైర్లు కమ్మాయి. పిడికిలి లేచింది. ముసలాయన ముక్కు చిట్లి, చొక్కా అంతా రక్తమైంది.

"కుడిచెయ్యి! కుడిచెయ్యి లేచింది!" ఫిజియో అమ్మాయి పరుగెత్తుకొస్తూ అరిచింది.

డ్రైవరుకు వినపడితేగా!

ముసలాయన ఎర్రటి పళ్లతో నవ్వాడు. "ఇంతేనా? ఇంకోటి వెయ్యి. ఈసారి భుజం నుంచి రావాలి!"

ఇంకోటి పడింది. ముసలాయన కుర్చీతో సహా వెనక్కి కూలాడు. తల ఇనపకడ్డీకి ఠంగుమని కొట్టుకుంది.

పోలీసులు వస్తే, ముసలాయన ఆస్పత్రి మంచం మీంచి "కాలుజారి నేనే పడ్డా" అని రాయించాడు. మూడోరోజు పోయాడు.

డ్రైవరు ఆయన ఇంటికి వెళ్లాడు. శవం పక్కన కండలు తిరిగిన మగాళ్లు నలుగురు చంటిపిల్లల్లా ఏడుస్తున్నారు.

అతను కుడిచెయ్యి చాచి చూపించాడు. "పెద్దాయన్ని కొట్టింది ఈ చెయ్యే బాబూ. విరిచేసినా నోరెత్తను. పాపం, పక్కకి ఒక్క జానెడు జరిగినా బతికేవాడు. ఆ వయసులో తప్పుకోలేకపోయాడు."

వాళ్లలో ముక్కు వంకరపోయినవాడు తలెత్తాడు.

"తప్పుకోలేకపోవడమా? మాకందరికీ బాక్సింగ్ నేర్పిన గురువండీ ఆయన, ముప్పై ఏళ్లలో మాలో ఒక్కడి దెబ్బా ఆయనకి తగల్లేదు."